కట్టున్న చెయ్యి

కొద్దిరోజులుగా ప్రేమానందం కుడి మణికట్టు సతాయిస్తోంది. ఆ సంగతి తెలిసింది అతనికీ, నర్సుగా పనిచేసే భార్య దేవకుమారికీ మాత్రమే. కోచ్‌కి చెబితే బెంచీ మీద కూర్చోబెడతాడు. ఇవాళ కూర్చుంటే ఇక జన్మంతా కూర్చోవడమే. పెద్ద ఐస్ హాకీ లీగ్ వాళ్లు, గోల్‌కి అడ్డం నిలిచే డిఫెన్స్‌మన్ ఒకడి కోసం ఈ సాయంత్రం ఆట చూడ్డానికి వస్తున్నారు మరి. అమెరికాలో, మిన్నెసోటాలో పుట్టి, నడకతో పాటే స్కేటింగ్ నేర్చిన ఈ గుంటూరు డాక్టరుగారబ్బాయి, చిన్న లీగ్ బస్సుల్లో ఇన్నేళ్లు నడుం విరగ్గొట్టుకున్నది ఆ పిలుపు కోసమే. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు వచ్చేసింది, అతనికి ముప్ఫై దగ్గర పడుతున్నాయి. మళ్లీ చూడ్డానికి ఎవరొస్తారు?

ఐస్ హాకీలో నొప్పున్న చోటు దాచుకోవాలి. తెలిసిందంటే అవతలివాళ్లు కర్రతో అక్కడే వాయిస్తారు. అందుకే ఆరితేరినవాళ్లు బాగున్న చేతికి కట్టు కట్టుకుని, దెబ్బతిన్నదాన్ని ఊరికే వదిలేస్తారు. ఈ కిటుకు ప్రేమానందానికి నేర్పింది లారీ. ఒకే గదిలో ఉంటూ ఒకే టీముకి ఆడిన స్నేహితుడు. కిందటేడు వేరే టీముకి వెళ్లాడు. ఇవాళ ఎదురుగా ఆడేది వాడే.

వంటింట్లో కూర్చుని ప్రేమానందం కుడి చెయ్యి చాపాడు. "దీనికే వెయ్యి టేప్. తెల్లగా కనపడాలి."

"అదేంటండీ? ఎప్పుడూ బాగున్న చేతికే కదా వేయించుకునేది?" అంది దేవకుమారి.

"లారీకి ఆ ట్రిక్ తెలుసు. లెఫ్ట్‌కి కట్టు కనపడితే రైట్ మీద కొడతాడు. రైట్‌కి కనపడితే లెఫ్ట్ మీద."

"లారీయా? మన పెళ్లిలో ఎంత చాకిరీ చేశాడు! ఆయన మిమ్మల్ని కొడతాడా?"

"వాళ్ల కోచ్ కొట్టమంటే కొడతాడు. వాడి జాబ్ వాడిది. నువ్వు వెయ్యి."

ఆమె మూతి ముడుచుకునే టేప్ చుట్టింది.

ఆ సాయంత్రం ప్రేమానందం ప్రాణం పెట్టి ఆడాడు. గోల్‌వైపు దూసుకొచ్చిన ప్రతిసారీ పక్‌కి, ఆ నల్ల రబ్బరు బిళ్లకి, ఒళ్లు అడ్డం వేశాడు. లారీ దగ్గరకొచ్చినప్పుడల్లా మాత్రం వాడి కర్ర వైపే చూసేవాడు. ఆఖరి పీరియడ్‌లో అవతలి కోచ్ లారీ భుజం పట్టుకుని చెవిలో ఏదో అరిచాడు. లారీ మొహం పాలిపోయింది.

మూలకి జారిన పక్ కోసం ఇద్దరూ ఒకేసారి వెళ్లారు. లారీ కర్ర లేచింది. ప్రేమానందం ఎడమ చెయ్యి ముందుకు చాపి పళ్లు బిగించాడు. కర్ర ఆ చేతిని వదిలేసి, సూటిగా తెల్లకట్టు మీద పడింది.

ఆటగాళ్ల గదిలో టీము డాక్టరు టేపు కత్తిరించి, వాచిపోయిన మణికట్టు నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. "ముందే దెబ్బతిన్న చెయ్యి ఇది. దీంతో ఇక హాకీ కర్ర పట్టలేవు."

అప్పుడే లారీ స్కేట్లతోనే లోపలికొచ్చాడు. ఆ మాట విని, ఆ చెయ్యి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నీ చెయ్యి విరగ్గొట్టకపోతే రేపట్నుంచి రావద్దన్నాడు మా కోచ్. అందుకే కట్టున్నదాని మీద కొట్టాను. అది బాగున్న చెయ్యి కదా, తట్టుకుంటావనుకున్నాను. ఎందుకు మార్చావు?"

అబద్ధం చెబుదామనుకున్నాడు ప్రేమానందం. సిగ్గేసింది.

"నువ్వు కొడతావని," అన్నాడు.

లారీ గోడ పట్టుకుని, స్కేట్ల మీద తడబడుతూ వెళ్లిపోయాడు. ప్రేమానందం లేచి గుమ్మం దాకా వెళ్లి పిలిచాడు. లారీ వెనక్కి తిరగలేదు.