శనివారం లేవని ఫియట్

అద్దంకిలో కార్లకి కరెంటు పని చేసేవాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరికీ వచ్చిన విద్య ఒక్కటే, కొత్త బ్యాటరీ వేయించడం. బండి లేవకపోతే ఇంకోటి వేయిస్తారు. అప్పటికీ లేవకపోతే పేరయ్యని పిలవండి అంటారు. ఆ పేరయ్యని నేనే. త్యాగరాజు ప్లీడరుగారి అరవై రెండు మోడల్ ఫియట్ దగ్గరికి అలాగే వెళ్లాను, రెండు వేల ఒకటిలో, మిరపకాయలు కళ్లాల్లో ఆరుతున్న రోజుల్లో.

"బండిలో రోగమేం లేదు పేరయ్యా. వీడు కొత్త బ్యాటరీలు అమ్ముకుని చచ్చినవి పెడుతున్నాడు. నువ్వు చూసి ఆ ముక్క రాసిస్తే సోమవారం కంప్లయింటు ఇస్తాను," అన్నారు ప్లీడరుగారు, గేటు దగ్గర నిలబడ్డ డ్రైవరు మొహిద్దీన్ బాషాని చూపిస్తూ. వారం కిందట వీధిలో నలుగురి ముందే దొంగా అని తిట్టారట.

ఇరవై రెండేళ్లుగా ఆ బండి నడుపుతున్న మనిషి. నాకూ సిగ్గులేదు, పక్కకి పిలిచి ఎవరికమ్మావో చెప్పెయ్యి అన్నాను. "చూసి చెప్పండి పేరయ్యగారూ," అన్నాడు, అంతే.

సంగతేమిటంటే, బండి శుక్రవారం దాకా శుభ్రంగా తిరుగుతుంది. శనివారం పొద్దున సెల్ఫు కొడితే టిక్కుమని ఊరుకుంటుంది. మొదటి బ్యాటరీ చచ్చినప్పుడు బాషా టైఫాయిడుతో ఇంట్లో పడి ఉన్నాడు. అయినా దొంగ అతనే. అతను లేచి వచ్చేసరికి ప్లీడరుగారు షెడ్డుకి తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. తాళం వేశాక ప్రతి శనివారమూ ఇదే వరస. దొంగ బయట లేడు, బండిలోనే ఉన్నాడని పసిపిల్లలకైనా తెలియాలి. మారుతాళం చేయించాడన్నారు ఆయన. లా చదివిన బుర్ర మరి.

బ్యాటరీ మీది నంబరూ బిల్లు మీది నంబరూ కలిపి చూపించాను. ఒకటే. "అయితే ఆసిడ్ అమ్ముకుంటున్నాడు," అన్నారు. ఆయనతో వాదన పెట్టుకునేంత చదువు నాకు లేదు గనక పనిలో పడ్డాను.

చార్జింగు ఉన్న బ్యాటరీ పెట్టి, ఒక వైరు ఊడదీసి, మధ్యలో చిన్న బల్బు తగిలించాను. స్విచ్చులన్నీ ఆపేస్తే బల్బు వెలగకూడదు. మినుకుమినుకుమంటూ వెలిగింది. అంటే కరెంటు ఎక్కడో కారిపోతోంది. ఒక్కో వైరే విప్పుకుంటూ వెళ్లాను. ఫ్యూజు బాక్సుకి వెళ్లే వైరు విప్పగానే బల్బు ఆరిపోయింది. మూత తీశాను. లోపల పసుపు, కుంకుమ, కొబ్బరి పీచు, పచ్చగా చిలుం. నాలుగు రోజులు కడగని చట్నీ గిన్నెలా ఉంది.

"శుక్రవారం దీనికేం చేస్తారండీ?"

"పూజ. బానెట్ ఎత్తి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు ఇంజను మీద పోస్తాను. మా నాన్నగారి నాటి నుంచీ ఉన్నదే."

"కాయ చక్రం ముందు నేల మీద కొట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఫ్యూజు బాక్సుకి అభిషేకమేమిటండీ? ఆ తడిలోంచే కరెంటంతా తెల్లారేలోగా బాడీలోకి పోతోంది."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు పోలేదు?" అన్నారు. ఆయన జన్మలో అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే.

బాషా నోరు విప్పాడు. "శుక్రవారం నమాజు నుంచి వచ్చాక నేను పొడిగుడ్డతో తుడిచేవాణ్ణండీ. జ్వరంలో రెండు వారాలు కుదర్లేదు. తర్వాత మీరు తాళం వేశారు."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా?"

"మీ పూజ వల్ల బండి పాడవుతోందని నేనెలా అంటానండీ? పేరయ్యగారంటే అది రిపేరు మాట. నేనంటే వేరే మాటవుద్ది."

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ పూజని నోటికొచ్చినట్టు అనేశాను, నాకేమీ కాలేదు. అతను ఇరవై రెండేళ్లు నోరు కట్టుకుని తుడిచాడు. నామీద నాకే ఒళ్లు మండింది.

ప్లీడరుగారు గొంతు సవరించుకున్నారు. "సర్లే, అయిందేదో అయింది. బండి తియ్యి, ఒంగోల్లో క్లయింటు చూస్తుంటాడు."

బాషా కదల్లేదు. "దొంగ అని వీధిలో అన్నారండీ. కాదని కూడా అక్కడే ఒక్కసారి అనండి. మా ఆవిడ వారం నుంచి పంపు దగ్గరికి నీళ్లకి వెళ్లడంలేదు."

కోర్టులో గంటలకొద్దీ వాదించే పెద్దమనిషి గేటు వైపు చూసి, "ఇప్పుడవన్నీ ఎందుకయ్యా," అన్నాడు. బాషా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

నేను బాక్సు కడిగి ఆరబెట్టి, వైర్లు బిగించి సెల్ఫు కొట్టాను. ఒక్క దెబ్బకే అందుకుంది. ప్లీడరు వెనక సీట్లో కూర్చుని తలుపేసుకుని, "పోనియ్యి పేరయ్యా," అన్నాడు.

నేను కరెంటు పనివాణ్ణండీ అని సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాను. ఆయనకి డ్రైవింగు రాదు. నేను వీధి మలుపు తిరిగేదాకా ఆ ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది.