ఆదివారం పాయింట్లు

చప్పుడు వినే బండి జబ్బు చెప్పే చెవుల మేస్త్రి, కూతురి మోటారు సైకిలు ఇంజను పక్కనున్న గుండ్రటి మూత విప్పి, కరెంటు కలిపి విడగొట్టే పాయింట్ల సందులో సిగరెట్టు కాగితం ముక్క పెట్టి, వెనక చక్రాన్ని నెమ్మదిగా తిప్పాడు. కాగితం ఎక్కడ వదులైతే అక్కడే నిప్పురవ్వ పుట్టాలి. వదులైంది! ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే అయినా ఆ క్షణంలో ఆయనకు పెళ్ళికొడుకంత హుషారు.

కూతురు లేచేసరికి మూత బిగించేసి, ఏమీ ఎరగనట్టు అరుగు మీద కూర్చున్నాడు. పాయింట్లు అరిగి సందు మారిపోతుంటుంది కనుక, ఆ పాత బండిని ఆమెకు ఇచ్చినప్పటి నుంచి ఆరేళ్ళుగా ప్రతి ఆదివారమూ ఇదే తంతు.

ఈ ఆదివారం మాత్రం ఇల్లంతా హడావుడి. కూతురికి కొండల్లో సర్వేయరు ఉద్యోగం వచ్చింది. బండి మీద రెండు రోజుల దారి, మధ్యాహ్నమే ప్రయాణం. పాయింట్లు పీకేసి, వాటి పనే చేసే ఎలక్ట్రానిక్ పెట్టె బిగిద్దామని వారం నుంచి బావమరిది పోరుతున్నాడు. వీధి చివర అతనిదీ మెకానిక్ షాపే. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

తొమ్మిదింటికి అతను దిగాడు. అదే మోడలు బండి, పెట్టె బిగించినది. చల్లటి ఇంజనుతోనే పందెం కాయాలని వీధి పొడుగునా నెట్టుకుంటూ, చెమటలు కక్కుతూ వచ్చాడు.

"బావా, ఒక్క కిక్కు. ఎవరి బండి ముందు అందుకుంటే వాళ్ళ మాటే చెల్లుబాటు."

"దారిలో నీ పెట్టె మూగబోతే ఎవడ్రా పలికించేది? పాయింట్లయితే గోళ్ళ ఆకురాయితో గీకినా నడుస్తాయి."

"గీకడం వచ్చినవాళ్ళకి."

పక్కింటి దర్జీ మిషను ఆపి మరీ బయటికొచ్చాడు. ఒకటి, రెండు, మూడు! మేస్త్రి తన్నిన ఒక్క తన్నుకే కూతురి బండి గర్జించింది. నెట్టుకొచ్చిన ఆయాసంలో బావమరిది కాలు జారింది. అతని బండి రెండో కిక్కుకి గానీ పలకలేదు. మేస్త్రి భుజం మీది తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు.

"చూశావా మామయ్యా!" కూతురు ఎగిరి గంతేసింది. "ఆరేళ్ళలో ఒక్కసారి మొరాయిస్తే ఒట్టు! దీనికసలు ఏమీ చెయ్యక్కర్లేదు."

మేస్త్రి నవ్వు సగంలో ఆగింది.

"ఆ గుండ్రటి మూత ఎప్పుడైనా తీశావా అమ్మడూ?"

"ఎందుకు నాన్నా? బాగానే ఉందిగా."

మొదటి ఏడాది ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని పక్కన కూర్చుంటే, మూత తీయకముందే "నీకెందుకమ్మా, నేనున్నాగా" అని లోపలికి పంపేసింది తనే. అప్పుడది గారాబమనుకున్నాడు. ఒక్క పూటలో నేర్పేద్దామా? కాగితం వదులవడం తన వేళ్ళకు పట్టుబడడానికే ఏడాది పట్టింది. ఆదివారాల సంగతి ముందే తెలిసిన బావమరిది నేలచూపులు చూస్తున్నాడు.

"ఒరేయ్, ఆ పెట్టె పట్రా."

"గెలిచింది నువ్వు కదా బావా!"

"గెలిచినోడి మాటే చెల్లుతుందన్నావుగా. పట్రా."

ఇద్దరూ ఒకే బండి మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. తిట్టుకుంటూనే బిగించారు.

"అయితే రాపిడే లేదా? అరగనే అరగదా?" మేస్త్రి చిన్నపిల్లాడిలా మళ్ళీ మళ్ళీ అడిగాడు.

"అరగదు బావా."

"ఓరి దీని తస్సాదియ్యా!"

ఒక్క కిక్కు. కూతురు కేరింత కొట్టి, చెయ్యి ఊపి, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. మలుపు తిరిగాక కూడా మేస్త్రి ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఇక తను లేకపోయినా ఆ బండి నడుస్తుంది.

లోపలికొచ్చి, విప్పిన పాయింట్లను పెట్రోలుతో కడిగాడు. ఎందుకో తనకే తెలియదు. ఆకురాయి పట్టి నున్నగా చేసి, కిటికీ గూట్లో గుడ్డ పరిచి పెట్టాడు.

ఎండ పడి అవి కొత్తవాటిలా మెరుస్తున్నాయి.