నాంపల్లి ల్యాబ్‌కు కొత్త తాళం

జిప్పోరాకు ఆ సాయంత్రం కాళ్ళు ఒక్కతాన నిలుస్తలేవు. ఎట్ల నిలుస్తయి మరి? నాంపల్లి కోచింగ్ సెంటర్ల ఆమె సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ నేర్పే ల్యాబ్ ఉంటదో, మూతపడ్తదో గంటల తేలిపోతది.

ఓనర్ విజయేందర్ సార్ కొత్త తాళం పట్టుకొనే వచ్చిండు. "మేడం, ఏమనుకోకున్రి. అబిడ్స్‌ల నేర్పే వెంకీ రాసిన క్విజ్ ప్రోగ్రామ్ ఆడ విండోస్ మీద నడిచింది, ఖైరతాబాద్‌ల మ్యాక్ మీద నడిచింది. గీడ పాత లినక్స్ కంప్యూటర్ డబ్బాలల్ల కంపైలే అయితలేదు. మూడు సెంటర్లకు ఒక్కటే పాఠం ఉండాలె. పిల్లల్ని అబిడ్స్ పంపుదాం."

పంపుదామట! అబిడ్స్‌ల ఉన్నోళ్ళే గోడకు నిలబడి వింటున్నరు, ఇంక వీళ్ళకు జాగేది?

"వెంకీ అన్నీ కొత్తకొత్త ఫీచర్లు వాడిండు సార్. కోడ్‌ను మిషన్‌కు సమజయ్యేటట్లు మార్చే మా పాత కంపైలర్‌కు అవి తెల్వయి. మూడిటికీ తెలిసినయే ఏరుకొని రాస్త. జర గంట టైమియ్యున్రి."

జిప్పోరా నాయిన సైలస్ చర్చిల పాట ఎత్తుకున్నడంటే, ముసలమ్మల గొంతుకు గూడ అందే శ్రుతిలనే ఎత్తుకుంటడు. జిప్పోరా గదే చేసింది. తెర మీద రాత చూపించే కొత్త తీరు ప్రింట్ పీకేసి పాత తీరు పెట్టింది. ఒక్క లైన్ మూడు లైన్లయింది. అయితే ఏంది? రన్ కొట్టింది. నడిచింది! పిల్లలు బల్లలు చరిచిన్రు. ఫైలు మిగిలిన సెంటర్లకు పంపింది.

కాసేపటికి అబిడ్స్ నుంచి వెంకీ ఫోన్. "అక్కా, నిండ ఎర్రర్లే! ఖైరతాబాద్‌ల గూడ గంతేనట."

సార్ గోడ గడియారం దిక్కు చూసిండు. జిప్పోరా తను రాసిన మొదటి లైన్ చూసి నెత్తి కొట్టుకున్నది. రెడీమేడ్ కోడ్ లైబ్రరీలన్నిటినీ ఒక్కసారే పిలిచే షార్ట్‌కట్ హెడర్! కోడింగ్ పోటీలకు రాసీ రాసీ చేతికి పట్టిన అలవాటు. ఈడి కంపైలర్‌కు అది ఇంటి మనిషి, మిగిలిన రెండిటికీ దాని మొకమే తెల్వది.

"నాదే తప్పు వెంకీ, లైన్లనే ఉండు!" కావలసిన లైబ్రరీలను పేరుపేరునా పిలిచి, ఫైలు మళ్ళ పంపి, ఫోన్ స్పీకర్‌ల పెట్టింది.

"అబిడ్స్‌ల వచ్చిందక్కా!" అని వెంకీ ఒర్రిండు. వెంటనే, "ఖైరతాబాద్‌ల గూడ వచ్చిందట!"

ఇగ నాంపల్లి. పాత డబ్బా గురగురమన్నది. సతాయించింది. అప్పుడు తెర మీద క్విజ్ మొదటి ప్రశ్న వచ్చింది. పిల్లల లొల్లికి కింద హోటల్ల ఛాయ్ తాగేటోళ్ళు తలలెత్తి చూసిన్రు. జిప్పోరాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినయి.

విజయేందర్ సార్ చేతుల తాళాన్ని కాసేపు చూసుకున్నడు. తర్వాత తాళంచెవి తీసి జిప్పోరా చేతుల పెట్టిండు.

"మీ దగ్గరే ఉంచున్రి మేడం. పొద్దుగాల పిల్లలొచ్చేసరికి తెరవాలె గద."