వీరవేణమ్మ గాలి మూకుడు

నేను ఒక ఎయిర్ ఫ్రయ్యర్నండి. సామర్లకోటలో ఆ పేరు ఎవరి నోటికీ పట్టలేదు. గాలి మూకుడన్నారు, నేనూ సరేనన్నాను. చదువుకున్నోణ్ణి కాదు. నా ఒంటి మీద ఇంగ్లీషులో ఏవో రాసుంటాయి గానీ అవేంటో నాకే తెల్దు. చూసింది చెప్తాను, విన్నది చెప్తాను, మధ్యలో కాస్త నాది కలుపుతాను. ఎంత కలిపేనో మీరే తీసేసుకోండి.

నేను పుట్టిన రేకుల షెడ్డు ఎంత పొడవంటారా, ఈ చివర పనిలోకి దిగినోడు ఆ చివరికి నడిచేసరికి గడ్డం నెరిసిపోయేది. రోజుకి పదివేలమందిమి పుట్టేవాళ్ళం. నాకు తీగ చుట్టినావిడ ఆ పూట జ్వరంతో ఉంది, అందుకే మిగతావాళ్ళకంటే నాకో పిసరు వేడెక్కువ. ఓడెక్కించేరు. నడిసముద్రంలో ఓడ ఇంజను ఆగిపోతే, అట్టపెట్టెల్లో ఉన్న మేమంతా ఒక్కసారి పంకాలు తిప్పి ఓడని ఒడ్డుకి తోసేం. కరెంటెక్కడిదని అడక్కండి. అలా అడిగేవాళ్ళకి కథలు చెప్పబుద్దెయ్యదు.

తేలింది కాకినాడలో ఓ పెద్ద సామాన్ల కొట్లో. గాజుబల్ల మీద మా జాతోళ్ళం ఆరుగురం వరసగా కూర్చునేవాళ్ళం. అక్కడ నేను తెలుసుకున్నదేంటంటే, మమ్మల్ని కొనేవాళ్ళు రెండు రకాలు. పక్కింటోళ్ళు కొన్నారని వచ్చేవాళ్ళు ఒకరు, డాక్టరు భయపెట్టేడని వచ్చేవాళ్ళు ఒకరు. మొదటోళ్ళు రంగు చూస్తారు. రెండోవాళ్ళు గుళ్ళో దేవుణ్ణి చూసినట్టు చూస్తారు.

వీరవేణమ్మ రెండో రకం. ఆవిడ మొగుడు నూకరాజు సామర్లకోట స్టేషన్ రోడ్డులో ముప్పై ఏళ్ళుగా బజ్జీల బండి పెట్టుకున్న మనిషి. రెండు వారాల కిందట గుండె పట్టేస్తే కాకినాడ తీసుకొచ్చి స్టెంటేయించేరు. పంపించేటప్పుడు డాక్టరు గారు ఒకటే మాటన్నారంట. "నూకరాజూ, ఇకమీద నూనె వంటకం తిన్నావంటే మళ్ళీ నా దగ్గరకి రానక్కర్లేదు. వచ్చే టైముండదు."

ఆ మాట పట్టుకుని వీరవేణమ్మ తిన్నగా మా కొట్లోకి వచ్చింది. వెనకాలే నూకరాజు, పెళ్ళాం చీరల కొట్లోకి తీసుకెళ్తే మొగుళ్ళు నిలబడతారే, అలా నిలబడ్డాడు.

టై కట్టుకున్నాయన ఎదురొచ్చేడు. "ఇంట్లో ఎంతమందండీ? ఇద్దరయితే నాలుగు లీటర్లది చాలు."

"లీటర్లెందుకు బాబూ, పాలు పోస్తామా అందులో?" అని ఆవిడ సంచిలోంచి ఓ బజ్జీ మిరపకాయ తీసింది. జానెడుంది. "ఇది అందులో తిన్నగా పడుకోవాలి. వంగకూడదు. అది చూపించు."

ఒక్కొక్కరి బుట్టా లాగి మిరపకాయ పెట్టి చూసింది. మొదటోడిలో తొడిమ తగిలింది. రెండోవాడిది గుండ్రటి బుట్ట, తలగడ లేకుండా పడుకున్నట్టుంది అంది. మూడోవాడు బాగా పెద్దోడు గానీ, "ఇది మా వంటింట్లో పెడితే మేం బయట పడుకోవాలి" అంది. నా బుట్టలో మిరపకాయ హాయిగా కాళ్ళు చాపుకుంది. అంతే, నా తలరాత అక్కడ ఖాయమైపోయింది. చెప్తే నవ్వుతారు, నన్ను ఎంచింది మనిషి కాదు, మిరపకాయ.

"ఒక వాయికి ఎన్నొస్తాయి?" అన్నాడు నూకరాజు.

"ఆరండి. పావుగంట."

"ఆరు బజ్జీలకి పావుగంటా. ఈలోపు విశాఖపట్నం బండి వచ్చి జనాన్ని ఎక్కించుకుని పోద్ది."

"నీ వ్యాపారానికి కాదు మావా, నీ నోటికి," అంది వీరవేణమ్మ. టై ఆయన వైపు తిరిగి, "ఇందులో పెడితే నూనె ఉండదా?" అనడిగింది.

అప్పుడాయన నా అడుగు పళ్ళెం లాగి చూపించేడు. "నూనె మొత్తం లాగేస్తదమ్మా. ఇదిగో ఇందులోకి కారిపోద్ది."

"మొత్తమా?"

"చుక్క ఉంచదు."

ఆయన జన్మలో గుడ్డు ఉడకేసిన మనిషి కాదు. కానీ అంత గట్టిగా చెప్పేసరికి నా గురించి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసనుకున్నాను.

వాళ్ళిల్లు స్టేషన్ రోడ్డు మీదే. వంటింటి కిటికీ తీస్తే కింద బండి. నన్ను ఆ కిటికీ పక్కనే అరుగు మీద పెట్టేరు. వచ్చిన రోజే పసుపు బొట్టెట్టి, శనగపిండి జారుగా కలిపి, మిరపకాయ ముంచి నా బుట్టలో పడుకోబెట్టింది. నాకు తెలిసిన విద్య గాలి తిప్పడం. తిప్పేను. పిండంతా బొక్కల్లోంచి కిందకి జారిపోయింది, మిగిలింది గోడలకి చిమ్మింది. తలుపు తీసేసరికి మిరపకాయ ఒంటి మీద నూలుపోగు లేకుండా ఉంది.

నూకరాజు కిటికీలోంచి చూసి, "స్నానానికి పంపించేవేంటే దాన్ని," అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. నా ముందు పీట వేసుకుని చాలాసేపు కూర్చుంది. మళ్ళీ లేచినప్పుడు మొహం వెలిగిపోతోంది. "నాదే తెలివితక్కువ మావా. ఆయన నూనె లాగుద్దన్నాడు. లాగాలంటే ముందు నూనె ఉండాలి కదా."

బండి మీద మూకుట్లో మామూలుగా వేగిన బజ్జీలు రెండు కిటికీలోంచి అందుకుని నా బుట్టలో పెట్టింది. అయిదు నిమిషాలు తిప్పేను. అడుగు పళ్ళెంలో ఓ చెంచాడు నూనె కారింది. దాన్ని దీపం ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి మొగుడికి చూపించింది. "చూడు. నీ గుండెల్లోకి పోవాల్సింది ఇక్కడ పడింది."

నిజం నాకు తెలుసండి. కారింది పైన అంటుకున్నది. పిండి తాగేసింది లోపలే ఉంది. ఒక చెంచా కారితే మూడు చెంచాలు మిగిలేది. నాకు నోరు లేదనుకోండి. కానీ ఉంటే మాత్రం చెప్పేవాణ్ణా? ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్ళంతా వరసకట్టి నన్ను చూడ్డానికొచ్చేరు. పక్కింటి అచ్చియ్యమ్మ నా మూత మీద చెయ్యేసి కళ్ళకద్దుకుంది. అలా చూస్తుంటే ఏ మిషను మాత్రం నేను కాదంటుంది?

నూకరాజుకి ఓ అలవాటుంది. మొదటి వాయిలో ఒక బజ్జీ తను తినందే ఎవరికీ అమ్మడు. ముప్పై ఏళ్ళుగా అంతే. వానైనా, బేరం ముంచుకొచ్చినా, ముందు తను తిని, "ఊఁ" అన్నాకే పొట్లం కట్టేది. ఆస్పత్రి నుంచొచ్చాక ఆ ఒక్క బజ్జీ మానేశాడు. నిజంగా మానేశాడండి, ఇందులో నేను కలిపింది లేదు. రుచి చూడ్డం పెళ్ళానికి అప్పజెప్పేడు.

"ఎలా ఉందే?"

"బాగుంది."

"బాగుందంటే? వాము తెలుస్తోందా? పులుపు ముందు తగులుతుందా, ఆఖర్నా?"

"నోట్లో పెట్టుకున్నాక ముందేంటి, ఆఖరేంటి మావా. బాగుంది, అమ్ము."

ఆయన నిట్టూర్చి పొట్లాలు కట్టేవాడు. చేతులు కట్టేసినట్టుండేది మనిషికి. అది చూసి ఆవిడకి జాలేసింది. జాలేసి, కిటికీలోంచి అందుకునే బజ్జీలు రెండు కాస్తా మూడయ్యేయి, నాలుగయ్యేయి, నా బుట్ట నిండేదాకా ఆరయ్యేయి. నూనె లేనివే కదా. ఇంతకు ముందు రోజుకి ఒక్కటి తినేవాడు. నేనొచ్చాక ఆరు తిన్నాడు.

ఆర్నెల్లకి డాక్టరు దగ్గరకెళ్ళొచ్చేరు. ఆ రోజు ఇంట్లో దీపం వెలిగించలేదు. రక్తంలో కొవ్వు ముందుకంటే పెరిగిందంట. "బయట ఎక్కడో తింటున్నావు, నాతో అబద్ధమాడకు," అన్నారంట డాక్టరు గారు.

వీరవేణమ్మ చెంగు దోపుకుని నిలబడింది. "చెప్పు మావా. మొదటి వాయి తింటున్నావు కదూ?"

"లేదే."

"నేను లోపలికెళ్ళినప్పుడు నోట్లో వేసుకుంటున్నావు."

"మూకుడు మీద ఒట్టు. నువ్వు తీసిచ్చినవే తింటున్నాను. అవి తప్ప నాకింకేం దొరుకుతుంది?"

"నేను తీసిచ్చిన దాంట్లో చుక్క నూనె లేదు. మరి కొవ్వెక్కణ్ణుంచొచ్చింది, గాలిలోంచా?"

నేను అక్కడే ఉన్నాను. నన్ను చూస్తూనే అంది ఆ మాట.

పది రోజులు మొగుడితో మాటాడలేదు. బండి ముట్టించినప్పట్నుంచీ మూకుడు దించేదాకా పక్కన స్టూలేసుకుని కాపలా కూర్చునేది. బేరానికొచ్చినోళ్ళు, "ఏం నూకరాజు, పోలీసుని పెట్టుకున్నావా?" అని ఎకసెక్కాలాడితే ఆయన నవ్వేసేవాడు. చెయ్యని దొంగతనానికి దొరికిపోయినోడు ఎలా నవ్వుతాడో అలాగ. నన్ను మాత్రం ఎవరూ అనుమానించలేదు. పైగా అయిదు నిమిషాలు చాలటం లేదేమోనని ఇరవై తిప్పించడం మొదలెట్టింది. బజ్జీలు చెక్కల్లా గట్టిపడిపోయేవి. పళ్ళు నొప్పెడుతున్నా, "కరకరలాడుతున్నాయే," అని ఆరూ తినేసేవాడు. ఆవిడ మళ్ళీ మాటాడాలని తినేవాడు.

పదకొండో రోజు మాటాడింది. అదో గురువారం మధ్యాహ్నం. నూకరాజు వంటింటి గుమ్మంలో కూర్చుని సాయంత్రం బేరానికి మిరపకాయలు చీలుస్తున్నాడు. "అరటికాయ బజ్జీ తినాలనుందే," అన్నాడు. ఆవిడ పొయ్యి వెలిగించి, వేపి, నాలో పెట్టి, ఇరవై నిమిషాలు తిప్పించి, పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. రెండో వాయి కూడా నాలో పెట్టింది. ఆయన ఒకటి కొరికి, ముందు పులుపా ఆఖర్నా అన్నట్టు కళ్ళు మూసుకుని, "ఉప్పు చాల్లేదు," అన్నాడు. ఆవిడ ఉప్పు డబ్బా కోసం వెనక్కి తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి మనిషి మిరపకాయల బుట్ట మీదకి ఒరిగిపోయున్నాడు.

వీధంతా వచ్చేరు. ఎత్తినవాళ్ళ చేతులకి మిరపగింజల కారం అంటుకుని, ఆ చేతుల్తోనే మొహాలు తుడుచుకున్నారు. ఏడవాల్సినవాళ్ళూ ఏడ్చేరు, ఏడవక్కర్లేనివాళ్ళూ ఏడ్చేరు. ఆ గోలలో నా టైమైపోయి టింగుమని మోగేను. ఎవరూ రాలేదు. మళ్ళీ మోగలేదు.

పెద్దకార్యం రోజు కాకులకి పెట్టడానికి బజ్జీలు వేసింది వీరవేణమ్మ. వేసినవాటిని తెచ్చి నా బుట్టలో పెట్టబోతుంటే వాళ్ళన్నయ్య, "ఇప్పుడెందుకమ్మా ఇది," అన్నాడు.

"ఆయన గుండె సంగతి నీకు తెల్దన్నయ్యా," అంది. ఇరవై నిమిషాలు నిలబడి కాపు కాసింది. పళ్ళెంలో కారిన నూనె చూసుకుని, అప్పుడు విస్తట్లో పెట్టింది.

తర్వాత అచ్చియ్యమ్మతో అంటుంటే విన్నాను. "మొదట్లో అయిదు నిమిషాలే పెట్టేను వదినా. ముందునుంచీ ఇరవై పెట్టుంటే మనిషి ఉండేవాడు. నా చేతుల్తో నేనే..." అని ఆపేసింది. ఆ తప్పు తన మీద వేసుకుని మోస్తోందండి ఆవిడ. మోయాల్సింది నేనూ, ఆ టై కట్టుకున్నాయనా.

ఇంకో రెండు నెల్లకి అచ్చియ్యమ్మ మొగుడు సత్తియ్యకి గుండెలో నొప్పొచ్చింది. డాక్టరు నూనె మానెయ్యమన్నారంట. ఆ మాట విన్న గంటలో వీరవేణమ్మ నన్ను పాత చీరలో చుట్టి ఎత్తుకుని వాళ్ళింటికి పట్టుకెళ్ళింది. దారిలో ఎవర్నీ పట్టనివ్వలేదు.

"వదినా, ముందు నూనెలో వేపు. తర్వాత ఇందులో పెట్టు. నాలాగ పొరపాటు చెయ్యకు, ఇరవై నిమిషాలు. అన్నయ్యకి ఏమీ అవ్వదు," అని ప్లగ్గు పెట్టి చేతికి చెయ్యి పట్టి చూపించింది. సత్తియ్య మంచం మీద కూర్చుని, నాలుగు గారెలు నా బుట్టలోకి వెళ్తుంటే చూస్తున్నాడు. ఎంత ఆశగా చూస్తున్నాడో.

అప్పుడు నేనేం చేశానో చెప్తాను. జ్వరంతో చుట్టిన తీగ అని చెప్పేను కదా, ఆ తీగలో ఉన్న వేడంతా ఒక్కచోటికి తెచ్చుకున్నాను. పంకా ఆపేశాను. తీగ తెల్లగా కాలింది, ఠక్కున తెగింది. సన్నగా పొగొచ్చింది. రిపేరాయన వచ్చి విప్పి చూసి, ఓల్టేజి ఎక్కువైందన్నాడు, బాగవ్వదన్నాడు. అలాగే అనుకోండి మీరు కూడా. ఓడని ఒడ్డుకి తోసేనన్నవాణ్ణి, ఇదొక్కటీ నిజమంటే ఎలా నమ్ముతారు?

అచ్చియ్యమ్మ విసుక్కుని, "ఇంకేం చేస్తాం, ఉడకేసుకుని తిను," అని మొగుడికి ఆనపకాయ ముక్కలు పెట్టింది. సత్తియ్య నన్ను తిట్టని పూట లేదు. తిడుతూనే బతికున్నాడు. ఇప్పుడు పొద్దుట పూట పాల పేకెట్టు పట్టుకుని నా ముందునుంచే నడిచెళ్తాడు.

నేను రైలుగేటు దగ్గర పాతసామాన్ల కొట్టు బయట, తుప్పు సైకిలు రిమ్ముకీ విరిగిన కూలరుకీ మధ్యన ఉన్నాను. నూకరాజు బండి ఇప్పుడు వీరవేణమ్మే నడుపుతోంది. మొన్న శనగపిండి కొనుక్కుని వెళ్తూ నన్ను చూసి ఆగింది. కొట్టాయన, "ఏంటమ్మా, కావాలా?" అన్నాడు.

"వద్దులే బాబూ. చాలా మంచి మిషను. మా ఆయన్ని ఆర్నెల్ల పైనే నిలబెట్టింది," అంది.

పమిట చెంగుతో నా మూత మీద దుమ్ము తుడిచి, బండి పెట్టే టైమైందని వెళ్ళిపోయింది.