లస్మవ్వ కారం

ఆ పొద్దున ఆకాశం నిమ్ము పట్టిన మిరపకాయలా ఉంది. ఎరుపు ఉంది గానీ పెళుసు లేదు. లస్మవ్వ వాకిట్లో నిలబడి తూర్పు దిక్కు చూసింది. గాలిలోకి అరచెయ్యి చాపింది. మబ్బు పల్చనిదే, కాసేపటికి ఎండ వస్తుంది. ఎండ తగిలితే కాయ గలగలమంటుంది. అట్లా గలగలమన్న కాయే రోట్లో పొడి అవుతుంది, మెత్తబడ్డది ముద్ద అవుతుంది. ఇంత చూసుకొని ఆమె రోకలి భుజాన వేసుకుంది.

లస్మవ్వ పొట్టి మనిషి. రోకలి మోసీ మోసీ కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి దిగింది. అరచేతులు ఇటుక రంగు. ఘాటుకు కళ్లు చికిలించడం అలవాటై నవ్వినా ఏడ్చినా కళ్లు ఒకేలా ఉంటాయి. మాఘం నుంచి ఉగాది దాటేదాకా లక్కడ్‌కోట్‌లో ఏ ఇంట్లో కారం దంచాలన్నా ఆమెనే పిలుస్తారు. పెళ్లి భోజనంలో కూర నోట పెట్టి, "ఇది లస్మవ్వ దంచిన కారమేనా?" అని అడిగేవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆమె ఇంకెవరితోనూ మాట్లాడదు. దాన్నే తలచుకుంటూ ఇంటికి పోతుంది.

బయల్దేరబోతూ పంచలో మంచం వైపు చూసింది. కోడలు సాయమ్మ ఇంకా లేవలేదు. ఎనిమిదో నెల. పొట్ట పెరిగింది, ముఖం మాత్రం చిక్కింది. పడుకుంటే గొంతులోకి మంట ఎగదన్నుతోందని, చాలా రోజులు గోడకు ఆనుకొని కూర్చునే నిద్రపోయేది. అది లస్మవ్వ చూసింది. పగిలి పెరట్లో పడున్న తిరగలి రాయి రెండు ముక్కల్నీ దొర్లించుకొచ్చి, మంచం తల దిక్కు కోళ్ల కింద పెట్టింది. మంచం ఏటవాలుగా లేచింది. ఆ రోజు నుంచి పిల్ల పడుకొని నిద్రపోతోంది.

నిద్ర కుదిరింది గానీ తిండి కుదరలేదు. ఈ రోజు ఆమెను కాన్పుకు పుట్టింటికి తీసుకుపోతారు.

ఆ రోజు దంచాల్సింది వెంకటమ్మ ఇంట్లో. ఆమె వాకిట్లో మిరపకాయలు అప్పుడే ఆరబోశారు. ఎండ ఎక్కేదాకా తొడిమలు తీస్తూ కూర్చున్నారు ఇద్దరూ. తర్వాత ముక్కుకు కొంగు కట్టుకొని లస్మవ్వ రోకలి ఎత్తింది. రోకలి చివరి ఇనుప పొన్ను రోటి అడుగును తాకే చప్పుడు ఒక్క తీరుగా సాగింది.

"మంట తగ్గిందా నీ కోడలికి?" జల్లెడ పడుతూ అడిగింది వెంకటమ్మ.

"యాడ తగ్గుతది."

"తగ్గద్దే. మంట ఎంతుంటే బిడ్డకు జుట్టు గంత. పుట్టంగనే జడ ఏసుకోవచ్చు సూడు."

"జడ ఏసుటానికి నువ్వే రావాలె మల్ల."

"వస్త. గని మీ మనుమడు ఆంధ్ర రాజ్యంల పుడ్తడు గదనే! మనది చాందా జిల్లా అయిపాయె. రేపు వాడు నిన్ను 'మరాఠీ ముసల్ది' అంటడు."

"యాడ పుట్టినా ఏడ్సుడు ఒక్క తీర్గనే ఉంటది."

వెంకటమ్మ నవ్వి తుమ్మింది, తుమ్మి మళ్లీ నవ్వింది.

లక్కడ్‌కోట్ ఉన్నచోటి నుంచి కదలలేదు. ముందు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. తర్వాత నాందేడ్ అన్నారు. పోయిన ఏడు చాందాలో కలిపారు. పట్వారీ కూర్చున్న చోట తలాఠీ కూర్చున్నాడు, బడిలో పలకల మీద మరాఠీ అక్షరాలు వచ్చాయి. లస్మవ్వకు ఏ అక్షరమూ రాదు కాబట్టి ఆమెకు పోయిందేమీ లేదు. సాయమ్మ పుట్టిల్లు మాత్రం వాంకిడి పక్కన, అవతలి రాజ్యంలో ఉండిపోయింది. బండి పోయే దారి పాతదే.

జుట్టు మాట ఊరంతా నమ్మింది. సాయమ్మకు ఛాతీలో మంట అని తెలిసినప్పటి నుంచి అందరికీ సంబరమే. ఒకరు చింతకాయ తొక్కు తెచ్చారు. ఒకరు పచ్చి మామిడి ముక్కల్లో కారం కలిపి తెచ్చారు. కడుపుతో ఉన్న పిల్లకు నోరు రుచి కోరుతుందని, అందులోనూ లస్మవ్వ కోడలని, తెచ్చిన ప్రతివాళ్లూ ఒక చిటికెడు కారం ఎక్కువే వేశారు. పిల్ల ఎవరినీ కాదనలేదు. తెచ్చినవాళ్ల ముందు తినడం, వాళ్లు పోయాక పెరట్లోకి పోయి గొంతు పట్టుకొని నిలబడడం. చివరికి అన్నమంటేనే భయం పట్టుకుంది. నాలుగు మెతుకులు తిని లేచిపోయేది.

దంపుడు ముగిసేసరికి లస్మవ్వ కనుబొమల మీద కూడా ఎర్రటి దుమ్ము. ఆముదం రాసి చేతులు రుద్దుకుంది. వెంకటమ్మ ఒక గిన్నెలో కొత్త కారం పోసి ఇవ్వబోయింది.

"నీ కోడలి అన్న భూమన్న వస్తుండు గద. కూరల ఎయ్యి. నీ పేరు నిలవడాలె."

లస్మవ్వ గిన్నె తీసుకుంది. దారి పొడవునా దాన్ని చూసుకుంటూ నడిచింది. రంగు బాగా వచ్చింది.

ఆమె మనసులో ఉన్నది ఒక్కటే. తన ఇంటి నుంచి ఇంతవరకు ఎవరూ ఆకలితో పోలేదు. కరువు ఏడు కూడా పోలేదు. ఈ రోజు చిక్కిన ముఖంతో, ఖాళీ కడుపుతో, రెండు ప్రాణాలతో ఉన్న పిల్ల పోబోతోంది. బండిలో కుదుపులు. అక్కడ దిగాక వాళ్ల అమ్మ ముఖం చూస్తుంది. అత్తింట్లో మాడ్చారని నోటితో అనకపోవచ్చు. కళ్లతో అన్నా చాలు.

ఇంట్లో సాయమ్మ పొయ్యి ముందు కూర్చొని పప్పు కడుగుతోంది. స్నానం చేసి తల దువ్వుకుంది. పొట్ట మోకాళ్లకు అడ్డం పడుతుంటే పక్కకు ఒరిగి కూర్చుంది.

"లెవ్వు. నేన్జేస్త," అంది లస్మవ్వ.

కారం గిన్నెను ఉట్టి మీద పెట్టేసింది. ఆనపకాయ కోసి పెసరపప్పులో వేసింది. జీలకర్ర, ఉప్పు, అంతే. గటకకు జొన్నరవ్వ ఎసట్లో పోసింది. పుల్లబడని చల్ల వంచి పక్కన పెట్టింది. ఇది చూసి సాయమ్మ కంగారు పడింది.

"అత్తమ్మా, మా అన్న వస్తుండు. సప్పటి పప్పు పెడ్తవా?"

"నీ కోసం చేస్తున్న."

"వద్దు. నేను అందరితోటి సమంగనే తింట. లస్మవ్వ ఇంట్ల కోడలు సప్పటి కూడు తిని వచ్చిందని మా ఊరంత అంటది. నీ చేతికి మాట రావద్దు. ఒక్క పూట మండితే మండనీ."

లస్మవ్వ గరిటె తిప్పడం ఆపింది. పిల్ల ఇన్నాళ్లూ ఎందుకు నోరు మూసుకొని తిన్నదో, తినలేక ఎందుకు లేచిపోయిందో అప్పుడు పూర్తిగా తెలిసింది. తన పేరు కాపాడడానికే ఈ పిల్ల కడుపు మాడ్చుకుంది.

"మీ ఆయన నా కడుపుల ఉన్నప్పుడు," అంది లస్మవ్వ పొయ్యిలోకి చూస్తూ, "నాక్కూడ గిట్లనే మండింది. నీ కన్న ఎక్కువనే. గింజల గుమ్మికి ఆనుకొని పండుకునేదాన్ని. అందరు జుట్టు జుట్టు అన్నరు. మా అత్త దేవునికి పుట్టెంటికలు మొక్కింది."

"మల్ల?"

"పుట్టినంక సూస్తే గుండు. నున్నటి గుండు. మొక్కు తీర్సుదామంటే తీసెటందుకు ఏం లేదు. ఏడాది ఆగినం."

సాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకొని నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు విని చాలా రోజులైంది.

"వాడు పుట్టిండు గని మంట పోలే," అంది లస్మవ్వ మెల్లగా. "ఇప్పటికీ ఉంది."

సాయమ్మ నవ్వు ఆపి చూసింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అత్త అందరికన్నా చివర, వంటింటి మూలన, గోడ వైపు తిరిగి తినడం చూస్తోంది. ఇల్లాలంటే అట్లా ఉండాలని ఊళ్లో అందరూ మెచ్చుకుంటారు. అత్త కంచంలో ఏముంటుందో ఎవరూ వంగి చూడలేదు.

"నువ్వు ఏం తింటవ్ అత్తమ్మా?"

"గటక. సల్ల. పొద్దుగూకక ముందే ఇంత తింట. తిన్నంక ఎంటనే ఒరగ. ఒక్కపారే కడుపు నింప. కారం దంచే ఆమెకు కారం పడదంటే ఎవరన్న దంచుటానికి పిలుస్తరా?"

బయట ఎద్దుల మెడ గంటలు వినిపించాయి.

భూమన్న బండి దిగుతూనే గట్టిగా మాట్లాడే మనిషి. "మామా, మీ రాజ్యం దాటి వచ్చుటానికి నా ఎడ్లకు మరాఠీ నేర్పవల్సి వచ్చింది!" అన్నాడు గట్టయ్యతో. లస్మవ్వ భర్త గట్టయ్య రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నవ్వి నీళ్ల చెంబు అందించాడు. కొడుకు ఆశన్న ఎడ్లను విప్పి నీడకు కట్టాడు.

"బావా, కూర వాసన వస్తలేదేందిరో?" అన్నాడు భూమన్న కాళ్లు కడుక్కుంటూ. "అత్తమ్మ చేతి కారం తిందామని పొద్దుగాల నుంచి ఏం తినలే నేను."

ఆశన్న తల్లి వైపు చూశాడు. లస్మవ్వ ఉట్టి మీది కారం గిన్నె దించింది. ఎర్రగా, పొడిగా, ఒక్క పలుకు లేకుండా ఉంది. దాన్ని భూమన్న ముందు పెట్టింది. నూనె చెంబు పక్కన పెట్టింది. మగవాళ్లు వరసగా కూర్చున్నారు.

అప్పుడు ఆమె ఇంకో రెండు కంచాలు తెచ్చి అదే వరసలో వేసింది.

"సాయమ్మా, రా. కూసో."

పిల్ల కదల్లేదు. మగవాళ్లతో సమంగా కూర్చొని ఆ ఇంట్లో ఏ ఆడదీ తినలేదు. ఆశన్న నేల చూశాడు. లస్మవ్వ తానే వచ్చి రెండో కంచం ముందు కూర్చుంది. గటక పెట్టుకుంది. దాని మీద చప్పటి పప్పు పోసుకుంది. పక్కన చల్ల పోసుకుంది. కారం గిన్నె చేతికందే దూరంలోనే ఉంది. అందరూ చూస్తున్నారని తెలుసు. భూమన్న చెయ్యి గిన్నె దగ్గర ఆగిపోయిందని కూడా తెలుసు. ఆమె ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"నాకు ఛాతీల మంట," అంది. "ఆశన్న కడుపుల ఉన్నప్పటి సంది. కారం తినను. దంచుత."

మెడ నిటారుగా పెట్టి రెండో ముద్ద కలిపింది. రోకలి ఎత్తేటప్పుడు మెడ ఎట్లా ఉంటుందో అట్లానే ఉంది.

సాయమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మొదట కొంచెం తిన్నది. ఆగింది. గొంతు మీద చెయ్యి పెట్టుకొని చూసుకుంది. ఏమీ కాలేదు. మళ్లీ తిన్నది. కంచం ఖాళీ అయ్యాక, అడగకుండానే ఇంకో ఆనపకాయ ముక్క వేసుకుంది. ఆ ముక్కను లస్మవ్వ తల తిప్పకుండానే చూసింది.

"అత్తమ్మా," అన్నాడు భూమన్న ముక్కు తుడుచుకుంటూ, కళ్లలో నీళ్లతో, "తినకుంట గింత మంచిగ ఎట్ల దంచుతవే?"

"ముక్కుతోటి," అంది లస్మవ్వ.

గట్టయ్య నవ్వాడు. చాలా ఏళ్ల తర్వాత అందరూ వినేలా నవ్వాడు.

తిన్నాక లస్మవ్వ సాయమ్మను పడుకోనివ్వలేదు. పెరట్లో మెల్లగా తిప్పింది. పొద్దు కొంచెం వాలాక బండి కట్టారు. గడ్డి పరిచి, మీద బొంత వేసి, వెనక వైపు జొన్నల మూట ఆనించింది లస్మవ్వ, ఒరిగి కూర్చోవడానికి. బొట్టు పెట్టింది. ఒక మూటలో జొన్నరవ్వ కట్టి పిల్ల ఒళ్లో పెట్టింది. తమ ఇంటి కోసం దంచి ఉంచిన కొత్త కారం కుండను మూతకు గుడ్డ కట్టి భూమన్న చేతికిచ్చింది.

"ఇది మీ ఇంటోళ్లకు. సాయమ్మకు కాదు."

"మంచిది."

"కొంచెం కొంచెం, ఎక్కువ సార్లు పెట్టుమను మీ అమ్మను. సాయంత్రం తొందరగ పెట్టుమను. మంచం తల దిక్కు ఎత్తు చెయ్యి, రాళ్లు పెట్టి."

"మా ఇంట్ల తిరగలి పగలలే అత్తమ్మా."

"పగలగొట్టు."

సాయమ్మ వంగి కాళ్లు మొక్కబోయింది. పొట్టతో వంగొద్దని లస్మవ్వ రెక్క పట్టుకొని ఆపింది. పిల్ల ముఖం అట్లానే సన్నగా ఉంది గానీ పెదవుల మీద తడి ఉంది, కళ్లలో ఆకలి లేదు. బండి కదిలింది. గంటల చప్పుడు వాంకిడి దారిలో చాలాసేపు వినబడింది. ఆ తర్వాత వినబడలేదు.

వెంకటమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. భూమన్న దారిలో అరిచి చెప్పి పోయినట్టున్నాడు.

"ఏమే, నీకు కారం పడదంటనే? గిన్నేండ్లు చెప్పకపోతివి!"

"రేపు నీ మిగిలిన కాయలు దంచుడా, వద్దా?"

"దంచాలె. నువ్వు గాక ఎవలు దంచుతరు?"

"అట్లయితే తొడిమలు తీసి పెట్టు."

పొద్దు ఇంకా గుట్టల మీద ఉండగానే లస్మవ్వ మిగిలిన గటక వెచ్చజేసింది. గట్టయ్యకూ ఆశన్నకూ వడ్డించి, తన గిన్నె తీసుకొని వంటింటి మూలకు నడిచింది. గట్టయ్య అది చూశాడు. లేచి ఇంకో కంచం తెచ్చి తన కంచం పక్కన పెట్టాడు. కారం గిన్నెను ఆశన్న వైపు జరిపి, తాను చల్ల పోసుకున్నాడు. ఆమె వచ్చి కూర్చుంది. ముగ్గురూ ఒకే వరసలో తిన్నారు.

పంచలో ఖాళీ మంచం ఏటవాలుగానే ఉంది. తల దిక్కు కోళ్ల కింద తిరగలి ముక్కలు రెండూ అట్లానే ఉన్నాయి. వాటి గాడుల్లో ఎన్నడో విసిరిన జొన్నపిండి ఇంకా తెల్లగా కనిపిస్తోంది.