హాల్వర్ నెస్ పదకొండు గంటలు

మార్చి ముప్పై ఒకటిలోగా చేయవలసిన పనులు మా అంబులెన్సు హాల్లో తెల్ల పలక మీద, నా చేతిరాతలో, ఇలా ఉండేవి:

ఆక్సిజన్ సిలిండర్లు మార్పించాలి.
బండి వెనక తలుపు గొళ్ళెం.
కర్టిస్ – డాక్టరుగారి సంతకం.
హాల్వర్ – బొమ్మ మీద గుండె నొక్కే పరీక్ష.
హాల్వర్ – పదకొండు గంటల క్లాసు.
ముగ్గురి దరఖాస్తులూ పంపాలి.

ఆ పలక ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అయిదో పంక్తి కొట్టేయలేదు కాబట్టి ఆరోది కూడా సగమే కొట్టేసి ఉంటుంది.

మేం డాక్టర్లం కాం, నర్సులం కాం. ఉత్తర డకోటాలో హెగ్లండ్ అనే చిన్న ఊళ్ళో, జీతం లేకుండా, పేజర్ మోగితే చేతిలో పని వదిలేసి అంబులెన్సు ఎక్కేవాళ్ళం. దగ్గరి ఆసుపత్రి నలభై ఏడు మైళ్ళు. రెండేళ్ళకోసారి మా కార్డులు కొత్తవి చేయించుకోవాలి. దానికి నలభై గంటలు క్లాసులో కూర్చున్నట్టు రుజువు కావాలి. మా బండికి అనుమతి నిలవాలంటే కార్డున్నవాళ్ళు కనీసం ముగ్గురుండాలి. ఒకప్పుడు తొమ్మిదిమంది. ముసలితనం వచ్చీ, ఊరొదిలీ చివరికి ముగ్గురమే మిగిలాం. హాల్వర్ నెస్, కర్టిస్, నేను.

హాల్వర్‌కి అరవై ఎనిమిది. ముప్పై ఒక్క ఏళ్ళుగా బండిలో తిరిగాడు. కర్టిస్ ధాన్యం గిడ్డంగిలో పనిచేస్తాడు. నేను బడి ఆఫీసులో గుమాస్తాని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. అందుకని కాగితాల పనంతా నాకప్పగించారు. మంగళవారం సాయంత్రాల క్లాసులూ, హాజరు కాగితాలూ, గంటల లెక్కా అన్నీ నావే.

హాజరు కాగితంలో రెండు గడులుంటాయి. వచ్చిన సమయం, వెళ్ళిన సమయం. రెండూ ఉంటేనే గంటలు చెల్లుతాయి.

మా హాల్లో ఒక ఆచారం ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. క్లాసు జరుగుతుండగా పేజర్ మోగితే లేచేది హాల్వరే. "మీరు కూర్చోండి, మీరింకా నేర్చుకోవాల్సినవాళ్ళు," అనేవాడు. భార్య ఆర్డిస్ పంపిన ఖర్జూరం కేకు ముక్క నోట్లో పెట్టుకుని, ఫైరింజను వాళ్ళలో ఒకణ్ణి డ్రైవరుగా పిలుచుకుని వెళ్ళిపోయేవాడు. తిరిగొచ్చేసరికి మేం దీపాలార్పి ఇళ్ళకి పోయేవాళ్ళం. వెళ్ళిన సమయం అనే గడి ఖాళీగా ఉండేది.

రెండేళ్ళపాటు నేను వచ్చిన సంతకాలు మాత్రమే లెక్కపెట్టాను. హాల్వర్‌కి నలభై రెండు గంటలని రాసుకుని నిశ్చింతగా ఉన్నాను. మార్చి పంతొమ్మిదిన రాష్ట్ర కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. తనిఖీకి హాల్వర్ కాగితాలు తీశారట, అసలు హాజరు పత్రాలు పంపమన్నారు. అవి వరసగా బల్లమీద పరిచినప్పుడు చూశాను. ఆరు కాగితాల్లో రెండో గడి ఖాళీ. చెల్లేవి ఇరవై తొమ్మిది గంటలే.

ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోనెత్తినావిడ మంచిగానే మాట్లాడింది. "ఆయన అంబులెన్సులో వెళ్ళారని నాకు అర్థమవుతోందమ్మా. కానీ క్లాసులో లేరు కదా," అంది.

ఆ సాయంత్రం ముగ్గురం హాల్లో కూర్చున్నాం. కర్టిస్ కాగితాలు నా ముందుకు తోశాడు.

"పెన్ను నీ చేతిలోనే ఉంది బ్రిటా. తొమ్మిదింటికి వెళ్ళాడని రాసెయ్. ఇక్కడికొచ్చి చూసేదెవరు, జింకలా?"

"రాయను."

"పెద్దాయన ఎక్కడో బీరు తాగుతూ కూర్చున్నాడా? బొమ్మని నొక్కిన మనకి గంటలున్నాయి, మనిషిని నొక్కినాయనకి లేవు. నీకిది న్యాయంగా ఉందా?"

"లేదు."

"మరి?"

"లేకపోయినా రాయను."

హాల్వర్ నవ్వాడు. "పిల్లని వదిలెయ్యవోయ్. మిస్ రస్టాడ్ చేతికింద చదివింది అది. లేనిది రాయడం దానికి రాదు."

అది నిజం. మిస్ ఓపల్ రస్టాడ్ మా ఊరి బళ్ళో నలభై ఏళ్ళు పాఠాలు చెప్పింది. కాలేజీ దరఖాస్తు ఎలా రాయాలో మా అమ్మానాన్నలకి తెలియకపోతే, తన వంటింటి బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి రాయించింది. "తెలిసింది రాయి, తెలియంది వదిలెయ్, లేనిది మాత్రం రాయకు," అని ప్రతి పేజీకీ చెప్పేది.

రాయకపోతే మిగిలిన దారి కంప్యూటరు క్లాసులే. పన్నెండు రోజులుంది. రోజూ మధ్యాహ్నం హాల్వర్ హాలుకొచ్చేవాడు. రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుని నొక్కేవాడు.

"టీచరమ్మా, ఈ డబ్బా నన్ను మళ్ళీ బయటికి తోసేసింది."

"తోయలేదు, మీరే మూసేశారు."

"ఆవుని ఈనించడం దీనికన్నా తేలిక. ఆవు పాస్‌వర్డ్ అడగదు."

అలా ఎనిమిది గంటలు పూర్తిచేశాడు. మిగిలిన మూడు గంటలూ పంతులు అప్పటికప్పుడు తెరమీద పాఠం చెప్పే క్లాసే అయివుండాలన్నారు. అలాంటిది ఒక్కటే దొరికింది, మార్చి ముప్పై ఒకటి, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు. తెరమీద ముఖం కనబడుతూ ఉండాలి. పది నిమిషాలు కనబడకపోతే హాజరు పోతుంది.

ఆ రోజు హాల్వర్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేను బడికి సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. మూడూ పదికి పేజర్ మోగింది. మిస్ రస్టాడ్. ఊపిరి అందడం లేదు.

కర్టిస్‌కి ఫోన్ చేశాను. పక్క జిల్లాకి లారీ తోలుకెళ్ళాడు. ఫైరింజను వాళ్ళని పిలిచాను. పగటిపూట మా ఊళ్ళో ఎవరుంటారు? అందరూ చమురు బావుల దగ్గరే. రెండుసార్లు పిలిచాను, జవాబు లేదు. వెనక రోగి దగ్గర ఒకరుండాలి, ముందు తోలేవాళ్ళొకరుండాలి. హాల్లో ఉన్నది మేమిద్దరమే.

"మీరు కదలకండి. నేను వెళ్ళి ఆక్సిజన్ పెడతాను. ఈలోగా ఎవరో ఒకరు..." అన్నాను.

హాల్వర్ అప్పటికే కోటు వేసుకుంటున్నాడు. తెరవైపు వంగి, "అయ్యా, నాకు పనిపడింది," అని పంతులుకి చెప్పాడు.

నేనొక్కదాన్నే వెళ్ళాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆ గదిలోకి వెళ్ళి ఆమె పెదవుల నీలం రంగు చూసినప్పుడు మాత్రం అనుకోలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ముందుకు వంగి కూర్చుంది. అంత ఆయాసంలోనూ తలుపువైపు చూసి, "హాల్వర్... బూట్లు తుడుచుకో," అంది. బయట మంచు కరిగి అంతా బురద. హాల్వర్ వెనక్కి వెళ్ళి పట్టా మీద బూట్లు తుడుచుకున్నాడు.

నలభై ఏడు మైళ్ళూ అతనే తోలాడు. ఆమె బతికింది. మేం హాలుకి తిరిగొచ్చేసరికి ఏడు దాటింది. తెరమీద నాలుగు మాటలున్నాయి: హాజరు లేనందున సెషన్ ముగించబడింది.

"సరేలే, ఆవిడ బతికిందిగా," అన్నాడు. కోటు విప్పి మేకుకి తగిలించాడు. మళ్ళీ తీసుకుని తొడుక్కున్నాడు. ఆ మేకు అతనిది. ఇంక అక్కడ తగిలించవచ్చో లేదో తెలియక అలా చేశాడనుకుంటాను.

పోయిన కార్డు మళ్ళీ రావాలంటే దారి పెద్ద పరీక్ష ఒక్కటే. మే నెలలో నూట నలభై మైళ్ళు వెళ్ళి రాశాడు. తప్పాడు. "కొత్త పుస్తకాల్లో కొత్త పేర్లున్నాయి. చేతులు చేసే పనికి నోటికి పేరు రాలేదు," అన్నాడు. జూన్ మొదటివారంలో మా బండి అనుమతి రద్దయింది. లారీ వచ్చి సిలిండర్లూ, గుండెకి కరెంటు షాకిచ్చే పెట్టెనీ తీసుకుపోయింది. నేను జాబితాలో ఒక్కొక్కటీ టిక్కు పెట్టి సంతకం చేసిచ్చాను.

జూలై పదహారు మధ్యాహ్నం హాల్వర్ బడికి ఫోన్ చేశాడు. "మిస్ రస్టాడ్‌కి మళ్ళీ ఆయాసం వచ్చింది. ఆసుపత్రి నుంచి బండి బయలుదేరిందట. నువ్వు రా," అన్నాడు.

నేను వెళ్ళేసరికి గుమ్మం దగ్గర పట్టా మీద బూట్లు తుడుచుకుంటున్నాడు. ఆ రోజు నేల పొడిగా ఉంది. ఆమె ఏమీ అనలేదు.

నా కార్డుకి ఇంకా రెండేళ్ళ గడువుంది. చేతిలో ఏమీ లేదు. కిటికీలు తెరిచాం. ఆమెని ముందుకు వంచి కూర్చోబెట్టాం. హాల్వర్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నాతోపాటు మెల్లగా, ముక్కుతో," అంటూ తను ఊపిరి తీసి చూపించాడు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. అలవాటు.

ఇరవయ్యో నిమిషంలో ఆమె, "మీ బండేదీ?" అని అడిగింది.

"వస్తోంది," అన్నాడు హాల్వర్.

ముప్పై ఒకటో నిమిషంలో ఆమె ఊపిరి ఆగింది. ఇద్దరం వంతులవారీగా గుండె నొక్కాం. యాభై మూడో నిమిషంలో బండి వచ్చింది. అందులోని కుర్రాడు మర్యాదగా హాల్వర్‌ని పక్కకి జరగమని, "మీరెవరండీ, బంధువులా?" అని అడిగాడు.

"కాదు. పక్క వీధి," అన్నాడు హాల్వర్.

నేను ఆ గడులు నింపి ఉంటే ఆమె ఉండేదేమో. నింపకూడదని చెప్పింది ఆమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలా రోజులు కూర్చున్నాను. ఏమీ తేలలేదు. కర్టిస్ నాతో మాట్లాడటం మానేశాడు. హాల్వర్ మానలేదు, కానీ కాఫీకి రావడం మానేశాడు. హాలుని ఎవరో ఎరువుల బస్తాలకి అద్దెకు తీసుకున్నారు.

మిస్ రస్టాడ్‌ని గుర్తుపెట్టుకోవడానికి ఆమె నలభై ఏళ్ళపాటు చదువు చెప్పిన పిల్లలున్నారు, నాతో కలిపి. హాల్వర్ దగ్గర చదువుకున్నవాళ్ళెవరూ లేరు. అతను తీసుకెళ్ళిన మనుషులకి అతని ముఖం గుర్తుండదు, ఆ స్థితిలో ఎవరూ ముఖాలు చూడరు కాబట్టి. చెల్లవని పంపని ఆ ఆరు హాజరు కాగితాలూ నా దగ్గరే ఉన్నాయి. ఎవరూ అడగరు. ఇది చదివినవారు, వీలైతే, అతన్ని గుర్తుపెట్టుకోండి. పేరు హాల్వర్ నెస్.