బొటనవేలి వెడల్పు

"మీట నొక్కితే లేజర్ వెలుగుతుంది. దానికి నువ్వే ఉండాలా తల్లీ? సంతకం పెట్టి పారెయ్," అన్నాడు భర్త పొద్దున్నే, ఆమె మాడిన పాలగిన్నె తోముతుంటే. "గీతలు పడేట్టు రుద్దకు," అని హాల్లోంచి అత్తగారు ఓ ముక్క తగిలించారు.

ఎంత రుద్దాలో ఆమెకొకరు చెప్పాలా! పదకొండేళ్లుగా ఫ్యాక్టరీలో ఆమె పనే అది. గాజునార కలిపి పోసిన ప్లాస్టిక్ పలకల మీద లేజర్ నడిపి, లోపలి నార కాలకుండా పైపొర మాత్రం లేపి గరుకు తేలుస్తుంది. ఆ గరుకుంటేనే తర్వాత పూసే రాగి పట్టుకుంటుంది. ఎంత వేడి, ఎంత వేగం అన్నది కనిపెట్టింది ఆమె. కాగితాల మీద పేరు మేనేజరుది. "మనలో మనకి పేర్లేంటమ్మా" అనేవాడు. ఇప్పుడు ఒక పలక మీద రాగి ఉబ్బేసరికి మహానుభావుడికి ఆమె పేరు గుర్తొచ్చింది. తప్పంతా లేజర్ నడిపినామెదేనని టైపు చేయించి ఇచ్చాడు. సంతకం పెడితే ప్యాకింగు పనిలోకి మారుస్తారు, పెట్టకపోతే ఇంటికే.

ఆ పలక ఆమెకు బాగా గుర్తు. కొనేవాళ్లు చూడ్డానికొచ్చిన రోజు మేనేజరు తొడుగు లేని వేలితో దాన్ని నిమిరి, "పట్టులా లేదూ!" అని మురిసిపోయాడు. "సార్, ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటితే రాగి నిలవదు," అందామె. "నా చేతికి మసి ఉందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మళ్లీ లేజర్ పెడతానంటే, "టైం లేదు, పూతకి పంపెయ్" అన్నాడు. తను నవ్వినందుకే ఆమెకి ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

మీటింగులో మేనేజరు కాగితం, పెన్ను ఆమె ముందుకి తోశాడు. కొనేవాళ్ల పెద్దాయన చూస్తున్నాడు. ఆమె పెన్ను పక్కనపెట్టి, సంచిలోంచి వెడల్పాటి టేపు తీసి, బల్ల మీదున్న పలకపై ఉబ్బిన చోటూ దాని చుట్టుపక్కలా కలిసేలా అతికించింది. రాగి పట్టు చూడ్డానికి రోజూ చేసే పరీక్షే. ఒక్క ఊపున లాగింది.

టేపుతో పాటు రాగి ఊడొచ్చింది. టేపు అంటిన మేరంతా కాదు, ఒక్క చారే. బొటనవేలి వెడల్పున, చివర గుండ్రంగా.

"లేజర్ తప్పయితే టేపు అంటిన చోటంతా ఊడాలండీ," అందామె పెద్దాయనతో. తర్వాత మేనేజరు వైపు తిరిగింది.

"సార్, మీ బొటనవేలు ఒకసారి ఇక్కడ పెట్టండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేనేజరు చెయ్యి జేబులోకి పోయింది.